స్వాబ్ అంటే పుల్లకు చుట్టిన దూది కాదు

సంపాదకులకు నమస్కారం.

యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిముల గురించి పత్రికల్లో విస్తృతంగా రాస్తున్నారు, సంతోషం. అయితే నమూనాలోని క్రిములను పెంచి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్ష ల్యాబ్‌కు చేరకముందే, వార్డులోనే చెడిపోవచ్చన్న సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

పుండులోని చీమును స్వాబ్‌తో, అంటే నమూనా తీసే దూది పుల్లతో తీసి, ఉత్త గాజు గొట్టంలో పెట్టి సాయంత్రం దాకా బల్లమీద వదిలేస్తే దూది గట్టిపడి ఎండిపోతుంది. సున్నితమైన క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. రిపోర్టులో ‘ఏమీ పెరగలేదు’ అనో, చర్మం మీద మామూలుగా ఉండే క్రిమి పేరో వస్తుంది. వైద్యం ఆ కాగితాన్ని బట్టి సాగుతుంది.

ఇది పాత పాఠమే. 1893లో న్యూయార్క్ ఆరోగ్య శాఖలో విలియం పార్క్ కంఠసర్పి (డిఫ్తీరియా) పరీక్ష కోసం మందుల దుకాణాల్లో చిన్న పెట్టెలు ఉంచారు. ఒక గొట్టంలో దూది చుట్టిన ఇనుప కడ్డీ, రెండోదాంట్లో క్రిమి పెరగడానికి గడ్డకట్టించిన రక్తరసి. గొంతులో తిప్పిన దూదిని అక్కడికక్కడే రసి మీద రాసేవారు, ఎండిపోయే వ్యవధే ఉండదు. (కంఠసర్పి చరిత్రలో కలిసిపోలేదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఈ శతాబ్దంలోనూ ఆ కేసులు వచ్చాయి.)

తర్వాత గనోరియా అనే సుఖవ్యాధి క్రిమితో చిక్కొచ్చింది. దూదిలోని కొవ్వు ఆమ్లాలే దాన్ని చంపేవి. 1954లో స్టూవర్ట్ అనే శాస్త్రవేత్త బృందం ప్రచురించిన మెత్తని అగర్ (జెల్లీ లాంటి పదార్థం) మాధ్యమం, ల్యాబ్‌కు చేరేదాకా క్రిమిని పెంచదు, చావనివ్వదు. అందులోని గ్లిసరోఫాస్ఫేట్ అనే రసాయనాన్ని తిని కొన్ని క్రిములు పెరిగిపోతుంటే, 1967లో ఏమీస్ అనే శాస్త్రవేత్త దాన్ని తీసేసి, విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి కలిపారు. దూది పట్టినదాన్ని తేలిగ్గా వదలదు. అందుకే 2003లో ఇటలీలోని కోపాన్ సంస్థ నైలాన్ నూగును బ్రష్షులా నిలబెట్టిన స్వాబ్ తెచ్చింది. కోవిడ్ తొలి నెలల్లో ప్రపంచం వెతుక్కున్నది ఇలాంటి స్వాబ్‌ల కోసమే.

ఏ పనికి ఏ స్వాబ్ అని చూడకపోతే ఏమవుతుందో జర్మనీ పోలీసులకు తెలుసు. హైల్‌బ్రాన్ నగరంలో జరిగిన హత్యతో సహా పదుల నేరాల్లో ఒకే మహిళ డీఎన్‌ఏ దొరికిందని ఏళ్ల తరబడి గాలించారు. అది నేరస్థలాల్లో నమూనాలు తీసిన స్వాబ్‌ల తయారీలో పనిచేసిన మహిళదని 2009లో తేలింది. క్రిమిరహితం చేసినంత మాత్రాన డీఎన్‌ఏ పోదు.

కాబట్టి ప్రభుత్వ టెండర్లలో ‘స్టెరైల్ స్వాబ్’ అని రాసి ఊరుకోవద్దు. కొన దేనితో చేసిందో, పుల్ల ప్లాస్టిక్‌దా కాదా, గొట్టంలో ఏ మాధ్యమం ఉందో స్పష్టంగా రాయాలి. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు కర్ర పుల్లలూ, కాల్షియం ఆల్జినేట్ అనే నారతో చేసిన కొనలూ పనికిరావు.

వార్డుల్లో గోడకు ఈ సూచన అంటించాలి: మొదటి యాంటీబయాటిక్ మోతాదుకు ముందే నమూనా తీయాలి. పుండును సెలైన్‌తో కడిగాక, పైనున్న చీమును కాకుండా శుభ్రమైన కణజాలం మీద ఒక చదరపు సెంటీమీటరు మేర, లోపలి ద్రవం ఊరేలా అదిమి 5 సెకన్లు తిప్పాలి. రెండు స్వాబ్‌లు తీయాలి, ఒకటి కల్చర్‌కు, ఒకటి సూక్ష్మదర్శినిలో చూసే స్లైడుకు. చీము గుంటకట్టి ఉంటే సిరంజితో లాగడం మేలు. ఏమీస్ గొట్టాన్ని గది ఉష్ణోగ్రతలోనే ఉంచి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. చీటీ మీద ‘చీము’ అని కాదు, ‘కుడి మడమ పుండు’ అని, తీసిన సమయంతో సహా రాయాలి.

– ఒక మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్, హైదరాబాద్