మా క్లయింట్లందరికీ: ఏప్రిల్ 15 లోపు ఏవి అవుతాయి, ఏవి కావు

ముందు అసలు విషయం చెప్పేస్తాను, మిగతాది చదివే ఓపిక లేకపోయినా ఫర్వాలేదు. మార్చి 25 లోపు కాగితాలన్నీ మా వెబ్ పోర్టల్‌లో పెట్టినవాళ్ల అమెరికా పన్ను రిటర్నులు గడువు తేదీ ఏప్రిల్ 15 లోపు ఫైల్ అవుతాయి. ఆ తర్వాత వచ్చినవాటికీ, "ఇంకొక్క ఫారం రావాలండీ, ఈలోపు మీరు మొదలెట్టేయండి" అన్నవాటికీ ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) వేస్తాం, మే నెలలో తీరిగ్గా చేస్తాం. కొత్తవాళ్లను ఏప్రిల్ 15 దాటేదాకా తీసుకోవడం లేదు, మీ బావమరిదైనా సరే.

"జనవరి నుంచి ఆఫీసు తెరిచే ఉంది కదా, మార్చికొచ్చేసరికి ఇంత హడావిడేంటి" అని ఒకరిద్దరు మొహమాటం లేకుండా అడిగారు. అడగాల్సిన మాటే. జనవరిలో మాకు పని తక్కువ, ఫోన్లు ఎక్కువ. ఏడాది చివరి పే స్టబ్ (జీతం స్లిప్) పంపించి "దీంతో లాగించేయండి, రిఫండ్ తొందరగా వస్తుంది" అంటారు. పే స్టబ్‌తో రిటర్ను వేయడం కుదరదు, ఏడాది జీతం, కోసిన పన్ను చూపించే డబ్ల్యూ-2 ఫారం రావాలి, అది ఇవ్వడానికి కంపెనీకి జనవరి 31 దాకా టైముంది. షేర్లు అమ్మినవాళ్లకు బ్రోకర్ దగ్గర్నుంచి అమ్మకాల లెక్క చూపించే 1099 ఫారం వచ్చేసరికి ఫిబ్రవరి సగం అయిపోతుంది, కొందరికి అదే ఫారం మార్చిలో 'కరెక్టెడ్' అని ఇంకోసారి వస్తుంది, మొదటిదాంతో తొందరపడి ఫైల్ చేసినవాళ్లు అప్పుడు 1040-ఎక్స్ వేసి సవరించుకోవాలి. ఇది చాలదన్నట్టు ఎస్-కార్ప్ (ఒక రకం చిన్న కంపెనీ), పార్ట్‌నర్‌షిప్ రిటర్నుల గడువు మార్చి 15, వాటి నుంచి ఓనర్ల వాటా చూపించే కే-1 ఫారం వస్తే గానీ ఆ ఓనర్ల సొంత రిటర్ను కదలదు. అందుకే అన్నీ ఒకేసారి వచ్చి మీద పడతాయి.

ఇక ఒక్కో రిటర్నుకు అంత టైం ఎందుకు పడుతుందో చెప్తాను, ఎందుకంటే "అంతా డబ్ల్యూ-2 యే కదండీ, పది నిమిషాల పని" అనే మాట ఈ సీజన్‌లో చాలాసార్లు విన్నాను. మీలో సగం మందికి ఈఎస్‌పీపీ షేర్లు, అంటే కంపెనీ తన ఉద్యోగులకు డిస్కౌంట్‌లో అమ్మే సొంత షేర్లు, ఉన్నాయి. మార్కెట్లో 100 డాలర్లున్న షేరు మీకు డిస్కౌంట్‌లో 85కి వచ్చింది, కొన్ని నెలలకే 110కి అమ్మేశారు అనుకుందాం. బ్రోకర్ ఇచ్చే 1099-బి లో కొన్న ధర 85 అనే ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే లాభం 25 అని తేలుతుంది. కానీ ఆ డిస్కౌంట్ 15 డాలర్లు అప్పటికే మీ డబ్ల్యూ-2 లో జీతంతో కలిసిపోయి ఉంటాయి, వాటి మీద పన్ను కట్టేశారు, మళ్లీ ఇక్కడ కడుతున్నారన్నమాట. అసలు లాభం 10 మాత్రమే. ఇందులో బ్రోకర్‌ను అనాల్సిందేమీ లేదు, 2014 నుంచి రూలే అలా ఉంది, జీతంగా లెక్కేసిన భాగాన్ని వాళ్లు కొన్న ధరలో కలపకూడదు. ఆ తేడాను 8949 ఫారంలో నేను సరిచేయాలి, చేయాలంటే బ్రోకర్ సైట్‌లో విడిగా దొరికే సప్లిమెంటల్ స్టేట్‌మెంట్ కావాలి, దాన్ని మాత్రం ఎవరూ పంపరు. ఆర్‌ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల) సంగతీ ఇదే, కొన్నింటికి కొన్న ధర దగ్గర సున్నా వేసి ఉంటుంది. నేను మెయిల్ మీద మెయిల్ పెట్టి ఆ ఒక్క పేపర్ కోసం వేధిస్తున్నానంటే అది మీ డబ్బు కోసమే.

ఇండియా లెక్కలది ఇంకో కథ. అక్కడ ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడ జనవరి నుంచి డిసెంబర్. బ్యాంకువాళ్లు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ అక్కడి ఏడాదికి ఉంటుంది, నాకు ఆ ఎఫ్‌డీ వడ్డీ ఇక్కడి ఏడాదికి విడగొట్టి కావాలి. "అక్కడ టీడీఎస్ కోసేశారు కదండీ, మళ్లీ ఇక్కడ చూపించడమెందుకు" అంటారు. పన్ను లెక్కలో అమెరికా రెసిడెంట్‌గా ఫైల్ చేసేవాళ్లు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకు 1116 ఫారంలో క్రెడిట్ అడుగుతాం, అంతే. మ్యూచువల్ ఫండ్లు ఉన్నవాళ్లు దయచేసి ముందే చెప్పండి. విదేశీ ఫండ్ల కోసం 8621 అనే పెద్ద ఫారం ఒకటుంది, ఏప్రిల్ 10న "అన్నట్టు రెండు సిప్‌లు కూడా ఉన్నాయి" అంటే నాకు కన్నీళ్లొక్కటే తక్కువ. ఎఫ్‌బార్ (విదేశీ అకౌంట్ల రిపోర్టు) సంగతి కూడా వినండి: ఏడాదిలో ఏ ఒక్క రోజైనా అక్కడి అకౌంట్లన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే వేయాలి, నాన్నగారితో కలిసి ఉన్న జాయింట్ అకౌంట్ కూడా లెక్కలోకి వస్తుంది, ఆయన డబ్బే అయినా సరే. నాకు కావాల్సింది డిసెంబర్ 31 నాటి బ్యాలెన్స్ కాదు, ఏడాది మొత్తంలో ఎక్కువగా ఉన్న బ్యాలెన్స్. ఒక్క ఊరట ఏంటంటే ఎఫ్‌బార్‌కు అక్టోబర్ 15 దాకా గడువు దానంతటదే వచ్చేస్తుంది.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న పిల్లలకు ఒక్క మాట. మామూలు సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని రెసిడెంట్లు వేసే 1040 ఫారం వేసేయకండి. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో సాధారణంగా మీది 1040-ఎన్ఆర్ (నాన్-రెసిడెంట్ల ఫారం), ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ కూడా దొరుకుతుంది, దాన్ని వదులుకోకండి.

మా రోజు ఎలా నడుస్తుందో కూడా తెలిస్తే నా మీద కోపం కొంచెం తగ్గుతుందేమో. పగలంతా ఫోన్లు, మెయిళ్లు, "నాది ఎంతవరకు వచ్చిందండీ" కబుర్లు. అసలు పని సాయంత్రం ఫోన్లు ఆగాక మొదలవుతుంది. రాత్రి పొద్దుపోయాక అంకెలు ఎక్కించగలను గానీ రివ్యూ మాత్రం చేయను, అది తెల్లారి చేస్తాను, ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా వినను. ఇక అన్నిటికంటే ఒళ్లు మండేది సంతకాల దగ్గర. రిటర్ను రెడీ అయిపోయి ఉంటుంది, ఈ-ఫైల్‌కు అనుమతిచ్చే 8879 ఫారం మీద సంతకం లేకుండా ఈ-ఫైల్ బటన్ నొక్కడానికి వీల్లేదు, జాయింట్ అయితే భార్యాభర్తలిద్దరూ పెట్టాలి. ఆయన పెట్టేస్తారు, ఆవిడకు వెళ్లిన మెయిల్ స్పామ్‌లో ఉంటుంది. వారం గడిచాక "ఇంకా ఫైల్ చేయలేదా" అని ఫోన్ వస్తుంది.

పిల్లలు ఏడాదిలో ఎన్ని నెలలు మీ ఇంట్లో ఉన్నారు, ఖర్చులు ఎవరు పెట్టారు అని నేను అడిగితే కొందరు చిన్నబుచ్చుకుంటున్నారు. మీ మీద అనుమానం కాదండీ. చైల్డ్ టాక్స్ క్రెడిట్ (పిల్లలున్నందుకు ఇచ్చే పన్ను తగ్గింపు) లాంటివి అడిగినప్పుడు 8867 అనే ఫారం నేను నింపాలి, అడగాల్సినవి అడగకుండా నింపితే జరిమానా పడేది నాకు. "మా ఫ్రెండ్‌కు రిఫండ్ ఎక్కువొచ్చింది, మాకెందుకు రాలేదు" అన్నదానికి కూడా ఇక్కడే జవాబిస్తాను: మీ ఫ్రెండ్ జీతంలోంచి ఏడాదంతా ఎక్కువ పన్ను కోయించుకున్నాడు, అదే వెనక్కి వచ్చింది. రిఫండ్‌లో పర్సెంటేజీ తీసుకుని పని చేసేవాళ్లు బయట ఉన్నారు. నేను తీసుకోను, ఎవరైనా అలా అడిగితే మీరు కూడా అక్కడ సంతకం పెట్టకండి, ముఖ్యంగా ప్రిపేరర్‌గా తన పేరూ పీటిన్ నంబరూ (రిటర్నులు తయారుచేసేవాళ్లకు ఇచ్చే గుర్తింపు నంబరు) వేయనంటే.

ఎక్స్‌టెన్షన్ అనగానే టెన్షన్ పడిపోతున్నారు. దానికి 4868 అనే ఫారం వేస్తే ఫైలింగ్‌కు అక్టోబర్ 15 దాకా టైం వస్తుంది. దానివల్ల ఆడిట్ వస్తుందన్నది వాట్సాప్ గ్రూపుల పుకారు. అయితే అది ఫైల్ చేయడానికి గడువే గానీ కట్టడానికి కాదు, డ్యూ ఉంటుందనిపిస్తే ఏప్రిల్ 15 లోపు అంచనా వేసి కట్టేయాలి, ఆ అంచనా నేనే వేసి ఇస్తాను. ఏమీ వేయకుండా ఊరుకుంటే కట్టాల్సినదాని మీద నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా పెనాల్టీ పెరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ వేసి డబ్బు ఆలస్యం చేస్తే నెలకు అర శాతం, పైన వడ్డీ. రిఫండ్ రావాల్సినవాళ్లకైతే పెనాల్టీ బాధే లేదు, డబ్బు ఆలస్యంగా వస్తుంది అంతే. సరిగ్గా చదవని రిటర్ను మీద ఏప్రిల్ 14 రాత్రి సంతకం పెట్టడం కన్నా నాకు ఇదే నయం.

కాగితాలు వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపకండి. సగం ఫొటోల్లో బొటనవేలు సరిగ్గా నంబరు మీదే ఉంటుంది, అది అలా ఉంచితే, మీ సోషల్ సెక్యూరిటీ నంబర్లు కాపాడటానికి రాతపూర్వకంగా ఒక ప్లాన్ పెట్టుకుని పాటించాలని మా మీద చట్టం ఉంది, నా ఫోన్ గ్యాలరీ అందులో లేదు. అన్నీ పోర్టల్‌లోనే పెట్టండి, పీడీఎఫ్ అయితే మరీ మంచిది. బ్యాంకు అకౌంట్ నంబరు, రౌటింగ్ నంబరు ఈసారి మళ్లీ సరిచూసి ఇవ్వండి, 2025 సెప్టెంబర్ 30 నుంచి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాళ్లు రిఫండ్లకు పేపర్ చెక్కులు దాదాపు ఆపేసే పనిలో ఉన్నారు.

ఇప్పటి నుంచి ఏప్రిల్ 15 దాకా ఫోన్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకే ఎత్తుతాం, మిగతా టైంలో పోర్టల్‌లో మెసేజ్ పెట్టండి, మర్నాటికి జవాబిస్తాం. ఫైల్ అయిపోయినవాళ్లు రిఫండ్ ఎక్కడుందో నన్ను అడగక్కర్లేదు, ఈ-ఫైల్ చేసిన 24 గంటల తర్వాత ఐఆర్‌ఎస్ సైట్‌లోనే కనిపిస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు, ఫైలింగ్ స్టేటస్, మీ కాపీలో ఉన్న రిఫండ్ అమౌంట్ కొడితే చాలు. అక్కడ ఏమైనా తేడాగా కనిపిస్తే, లేదా ఐఆర్‌ఎస్ నుంచి ఉత్తరం వస్తే, అప్పుడు మాత్రం టైం చూడకుండా ఫోన్ చేయండి.