నర్సింగ్ విద్యార్థినులను నేర్చుకోనివ్వండి

సంపాదకుడికి,

జర్మనీలో నర్సింగ్ చదువుకు వెళ్లిన పిల్లల మాట మన నెల్లూరు, ఒంగోలు వైపు ఎక్కడ వచ్చినా, ముందుగా అడిగేది నెలకు ఎంత ఇస్తారనే. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు ఆ లెక్క తప్పదు. అయితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసిన నాకు ఆ పిల్లల్లో అంతకంటే విలువైన మార్పు కనిపిస్తోంది. మన ఆరోగ్య శాఖ దాని గురించి ఆలోచించాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా తమ్ముడిది సింగరాయకొండ. ఇంటికి నలుగురు వస్తే వంటగదిలోంచి బయటికి రాని పిల్ల వాడి కూతురు. చెన్నైలో హాస్టల్లో ఉండి జర్మన్ నేర్చుకుంది, పరీక్ష ఒకసారి తప్పినా మళ్లీ రాసి గట్టెక్కింది, ఇప్పుడు అక్కడ రెండో సంవత్సరం. మొదటి చలికాలమంతా ఫోనులో ఏడుపే. సాయంత్రం కాకముందే చీకటి, గదిలో ఒంటరితనం, వృద్ధాశ్రమంలో శిక్షణకు వేస్తే ఆ ముసలివాళ్ల యాస ఒక్క ముక్క అర్థం కాదు. నివాస అనుమతి కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికీ తోడు ఎవరూ లేరు. ఒక్కొక్కటే అలవాటు చేసుకుంది. ఈమధ్య ఫోను చేసినప్పుడు తను చెప్పిన సంగతి నా మనసులో నిలిచిపోయింది. ఒక రోగికి కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేయమంటే, "ఇది నాకు ఇంకా నేర్పలేదు. ఒకసారి మీరు చేసి చూపించండి, తర్వాత మీ ఎదుట నేను చేస్తాను" అని సీనియర్ నర్సుతో అన్నదట. ఆవిడ సరేనని దగ్గరుండి చూపించిందట. "ఎవరూ కోప్పడలేదు అత్తా" అని రెండుసార్లు చెప్పింది.

మన వార్డుల్లో విద్యార్థిని ఆ మాట అంటే పొగరు అంటారు. తెలియదని చెప్పగలగడమే నర్సుకు ఉండవలసిన మొదటి ధైర్యమని నేను నమ్ముతాను. చెప్పడానికి భయపడే నర్సు చేతిలో సిరంజి ఉంటే రోగికే ప్రమాదం.

మా పిల్లకు ఆ ధైర్యం ఎలా వచ్చింది? స్వభావం మారి ఉండవచ్చు, కానీ ఆ మార్పుకు అక్కడి చట్టం అండగా ఉంది. జర్మనీలో 2020 జనవరి నుంచి అమలవుతున్న నర్సింగ్ వృత్తి చట్టం ప్రకారం శిక్షణ మూడేళ్లు. తరగతి చదువు 2,100 గంటలు, ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, రోగుల ఇళ్ల దగ్గర పని 2,500 గంటలు. విద్యార్థి స్థాయికి తగిన, శిక్షణకు పనికివచ్చే పనులే అప్పగించాలని ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. పనిలో గడిపే సమయంలో కనీసం పదో వంతు, నేర్పించడానికే నియమించిన నర్సు పక్కన ఉండి నేర్పాలి. ఆ నర్సుకు 300 గంటల ప్రత్యేక శిక్షణ ఉండాలి, ఏటా మరో 24 గంటలు తన చదువును తాజా చేసుకోవాలి. రాత్రి డ్యూటీలు కోర్సు రెండో సగంలో మాత్రమే, అవీ 80 నుంచి 120 గంటలు, అర్హత గల నర్సు పర్యవేక్షణలోనే. శిక్షణకు ఫీజు లేదు, పైగా నెలనెలా భృతి ఇస్తారు.

మన దగ్గర సంగతి చూడండి. నేను పనిచేసిన చోట్ల స్టాఫ్ తక్కువైన రోజున క్లినికల్ పోస్టింగుకు వచ్చిన పిల్లలతోనే వార్డు నడిచేది. సెలైన్లు మార్చడం, బీపీలు చూడటం, కేసు షీట్లు పట్టుకుని డాక్టరు వెనక నడవడం, శాంపిళ్లు ల్యాబుకు మోయడం. ఇద్దరు నర్సులు యాభై మందిని చూసుకుంటున్న వార్డులో నేర్పే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ నర్సులను అనడానికి నాకు నోరు రాదు. పిల్లలు చేసి నేర్చుకున్న పనులు నమోదు చేసే లాగ్ బుక్కులో మాత్రం అన్ని ప్రొసీజర్లకూ సంతకాలు పడిపోతాయి.

ప్రతి నర్సింగ్ కాలేజీలో దీపాలు పట్టుకుని, ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఇంగ్లండ్ నర్సు ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీద ప్రమాణం చేయిస్తాం. ఆవిడ కూడా 1851లో సొంత దేశం వదిలి, జర్మనీలోని కైజర్‌స్వర్త్‌కు వెళ్లి శిక్షణ పొందిందని పిల్లలకు చెప్పాలి. తిరిగి వచ్చి తన దేశంలో నర్సుల చదువును మార్చిందని కూడా చెప్పాలి.

వెళ్లే పిల్లలకు భాష దగ్గరే మొదటి దెబ్బ. కేరళలో ప్రవాసుల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్, జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థతో 2021లో ఒప్పందం చేసుకుని, చదువు పూర్తయిన నర్సులకు భాష నేర్పించి మరీ పంపుతోంది. మన రాష్ట్రానికీ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. నెల్లూరులో, ఒంగోలులో సాయంత్రం పూట జర్మన్ తరగతులు పెట్టిస్తే, చెన్నైలో హాస్టలు ఖర్చు భరించలేని ఇంటి పిల్లలు కూడా ప్రయత్నిస్తారు. లక్షలు అడిగే ఏజెంట్ల గుమ్మం తొక్కే అవసరం తగ్గుతుంది.

ఇంతకంటే ముఖ్యం ఇక్కడే ఉండిపోయే పిల్లలు. వాళ్లే ఎక్కువ, రేపు మనకు వైద్యం అవసరమైతే మన పక్కన ఉండేది వాళ్లే. రెండు జిల్లాల్లోనూ విద్యార్థినులు వచ్చే ప్రతి పెద్ద వార్డులో ఒక సీనియర్ నర్సును రోజువారీ డ్యూటీ నుంచి తప్పించి, నేర్పే బాధ్యత అప్పగించాలి. దానికి ప్రత్యేక భత్యం ఇవ్వాలి. డ్యూటీ చార్టులో విద్యార్థినులను స్టాఫ్ లెక్కలో చూపకూడదని రాతపూర్వకంగా ఆదేశించాలి. చేయని ప్రొసీజరుకు లాగ్ బుక్కులో సంతకం పెట్టమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. వచ్చే బ్యాచి వార్డుల్లో అడుగుపెట్టే లోపే రెండు జిల్లాల వైద్యాధికారులు, కాలేజీల ప్రిన్సిపాళ్లు కలిసి కూర్చుని ఈ ఏర్పాట్లు ఖరారు చేయాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత హెడ్ నర్సు, కావలి