అమ్మ మతిమరుపు, నాన్న లెక్కల పుస్తకం

సంపాదకులకు నమస్కారం.

"ఆ వయసులో మతిమరుపు మామూలే" అన్న మాట గురించి ఈ ఉత్తరం. ఆ మాట పట్టుకునే మా ఇంట్లో విలువైన కాలం పోగొట్టుకున్నాం.

మా అమ్మకు 76 ఏళ్లు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. గదిలోకి వచ్చి "ఎందుకొచ్చానబ్బా" అని నిలబడిపోతుంది. ఒక మనవణ్ణి పిలవబోయి నలుగురి పేర్లూ పిలిచాక గానీ అసలు పేరు నోటికి రాదు. "నా బుర్ర పనిచేయడం లేదు, డాక్టరుకు చూపించండి" అని రోజూ బాధపడేది. మా దిగులంతా అమ్మ గురించే. నాన్నగారు ఏనాడూ ఫలానాది మర్చిపోయానని అనలేదు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వచ్చింది ఆయనకే.

ఆయనది ఏళ్ల తరబడి ఇంటి ఖర్చులు పుస్తకంలో రాసే అలవాటు. ఒకరోజు తిరగేస్తే ఒకే నెల కరెంటు బిల్లు మూడుసార్లు రాసి ఉంది. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాలు. కింద కూడిక దగ్గర మాత్రం కొట్టివేతల మీద కొట్టివేతలు, చివర ఖాళీ. అది చూసి కూడా వయసు కదా అనుకున్నాను. అడిగిందే పది నిమిషాలకోసారి అడిగితే చాదస్తం అన్నాం. పర్సు ఎవరో దొంగిలించారని గొడవ చేస్తే అనుమానం అన్నాం. అది దుప్పటి మడతల్లో దొరికింది. ఇంటికి రెండు వీధుల అవతల దారి తెలియక నిలబడిపోతే, తెలిసినవాళ్లు తీసుకొచ్చి దిగబెట్టారు. అప్పుడు కదిలాం.

డాక్టరు కాగితం ఇచ్చి, గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. నాన్నగారు చక్కగా సున్నా చుట్టి, అంకెలన్నీ కుడివైపే ఇరికించారు. ఒక ముల్లు పదకొండు మీద, ఇంకోటి పది మీద పెట్టి, "సరిగ్గానే ఉందా అమ్మా?" అని నన్ను అడిగారు. నాకు నోట మాట రాలేదు.

ఆ డాక్టరు చెప్పినదాంట్లో నా మనసులో నాటుకున్నది ఇది: ఏం మర్చిపోయారన్నది కాదు, మర్చిపోయింది మళ్లీ గుర్తొస్తోందా, రోజువారీ పనులు సాగుతున్నాయా అన్నది చూడాలి. అమ్మకు పొద్దున తట్టని పేరు సాయంత్రానికి తడుతుంది, మొదటి అక్షరం అందిస్తే వెంటనే చెప్పేస్తుంది. నాన్నగారికి నిన్న ఇంటికి చుట్టాలొచ్చిన సంగతే గుర్తుండదు, ఎన్ని గుర్తులు చెప్పినా రాదు. అల్జీమర్స్ సాధారణంగా ముందు దెబ్బతీసేది కొత్త జ్ఞాపకాలను మెదడులో నిలిపే భాగాన్ని. పాతవి చాలాకాలం ఉంటాయి. అందుకే ఆయన చిన్ననాటి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెబుతుంటే "ఈయనకు జబ్బేమిటి" అని చుట్టాలు మాతో వాదించేవారు.

వయసే కారణమైతే అందరికీ రావాలి కదా. ఆలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1906లో ఈ జబ్బు గురించి చెప్పినప్పుడు ఆయన చూపిన ఉదాహరణ, 51 ఏళ్లకే ఆసుపత్రిలో చేరిన ఒక స్త్రీ.

అమ్మకూ పరీక్షలు చేయించాం. బి12 విటమిన్ తక్కువగా ఉందని తేలి, మందులు వాడాక కొంత తేలికపడింది. థైరాయిడ్ తగ్గడం, మనసులో కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయట. ఇవి సరిచేయడానికి వీలున్నవి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తికమక మొదలైతే మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నాన్నగారి జబ్బుకు పూర్తిగా నయం చేసే మందు లేదని నాకు తెలుసు. ముందే తెలిస్తే బ్యాంకు కాగితాల మీద ఆయన తెలివిగా ఉండగానే సంతకాలు చేసేవారు, ఎవరి దగ్గర ఉండాలన్నది ఆయనే చెప్పేవారు. అడిగిందే అడుగుతున్నారని నేను ఆయన మీద విసుక్కున్న రోజులు ఉండేవి కావు.

"ఎప్పటి నుంచి ఇలా?" అని డాక్టరు అడిగితే ఇంట్లో ఒక్కరం తేదీ చెప్పలేకపోయాం. లెక్కల పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోతే మొదటి తప్పు పద్దెనిమిది నెలల కిందటి పేజీలో కనిపించింది. మీ పాఠకుల ఇళ్లలో ఇలాంటి అనుమానం ఉంటే, చూసినవి చూసినట్టు తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకొమ్మని, ఆ కాగితం డాక్టరుకు చూపించమని దయచేసి మీ ఆరోగ్య పేజీలో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు