ఈ మోకాలికి అప్పిచ్చినవాళ్లకి

నిన్న తెల్లారగట్ల ఆర్కే బీచ్ రోడ్డు మీద మెల్లగా పరిగెత్తాను. ఒక రెండు వందల మీటర్లు ఉంటుందేమో. ఆపరేషన్ అయ్యి ఏడు నెలలు. ఇంటికొచ్చి ముందు చేసిన పని ఈ పోస్టు మొదలుపెట్టడం.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నేను ఫుట్‌బాల్ డిఫెండర్‌ని. నాలుగు సీజన్లు కోల్‌కతాలో జీతానికి ఆడాను. ఆట అయిపోయాక మన వైజాగ్‌లో జరిగే షూటింగుల్లో వేషాలు మొదలయ్యాయి. ఆరడుగుల మనిషి, కనుబొమ్మ మీద ఏడు కుట్లు, ఇంక రౌడీ వేషం కాక ఏమిస్తారు? మొదట్లో విలన్ వెనకాల నిలబడేవాణ్ని. ఇప్పుడు నాలుగు సీన్లున్న క్యారెక్టర్ ఆర్టిస్ట్‌ని. మా జట్టువాళ్లు వెటకారంగా ‘వైజాగ్ విజయన్’ అంటారు.

అంత పేరు మోసే అర్హత నాకు లేదు లెండి. ఐ.ఎం. విజయన్ అంటే త్రిసూర్ స్టేడియంలో సోడాలమ్మి, తర్వాత దేశం జట్టుకి కెప్టెన్ అయిన మనిషి. 1999లో భూటాన్ మీద ఆట మొదలైన 12 సెకన్లకే గోల్ కొట్టారు. 2003లో మన హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో 4 గోల్స్ కొట్టి దేశం జట్టుకి ఆడటం మానేశారు. అప్పటికే ‘శాంతం’ అనే మలయాళ సినిమాలో నటించారు, దానికి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. తర్వాత తమిళంలో ‘తిమిరు’, ‘బిగిల్’. ఆట తర్వాత కూడా బతుకుంటుందని నాకు ధైర్యం ఆయన్ని చూశాకే వచ్చింది.

సరే, ఏప్రిల్‌కి వస్తాను. బీచ్ రాళ్ల మీద ఫైటు. హీరో గుద్దితే నేను పడాలి. పడటం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. కానీ మూడో టేక్‌లో పాదం రాళ్ల సందులో ఇరుక్కుని ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల ‘టప్’మంది. ఆ చప్పుడు నేనెరుగుదును, గ్రౌండులో పక్కవాడి మోకాలిలోంచి ఒకసారి విన్నాను. ఏసీఎల్. తొడ ఎముకని కాలి ఎముకతో పట్టి ఉంచే తాడు లాంటిది. తెగితే దానంతటది సరిగా అతుక్కోదు. తొడ వెనక నుంచి ముక్క తీసి కొత్త తాడు బిగించాలన్నారు.

యూనిట్‌వాళ్లు ఆ రోజు బేటా, అంటే రోజు ఖర్చుల డబ్బు, చేతిలో పెట్టి పంపించారు. తర్వాత మేనేజర్ ఫోనెత్తలేదు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నా.

ఫోను లేకుండానే వచ్చింది పెదజాలరిపేట కుర్రాళ్లు. పొద్దుటపూట నా దగ్గర ఆట నేర్చుకునేవాళ్లే. చేపలకి ఐసు వేసే థర్మోకోల్ డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించారు. పది నోట్లు, యాభై నోట్లు, చిల్లర, అన్నిటికీ చేపల వాసన. అవి వేట నిషేధం రోజులని మర్చిపోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఆ ఇళ్లలో రూపాయి పుట్టదు. “ఇదేట్రా, మీకే లేదు కదా” అన్నాను. “మీరు లేత్తే గదా మాస్టారూ మేం ఆడేది” అన్నాడు అందరికన్నా పొట్టివాడు. నేను గోడవైపు తిరిగిపోయాను.

తర్వాత ఫిజియో మేడమ్. మూడు నెలలు రోజూ సాయంత్రం ఇంటికొచ్చారు. మొదట్లో వంచడం కన్నా చాచడమే ముఖ్యమన్నారు. మడమ కింద దుప్పటి చుట్ట పెట్టి మోకాలు కిందికి నొక్కమనేవారు. నేను పళ్లు కొరుక్కుంటుంటే “సినిమాలో అరిచినట్టు అరవండి, పర్లేదు” అని నవ్వేవారు. టేపుతో కొలిస్తే ఆ తొడ రెండో తొడకన్నా 4 సెంటీమీటర్లు తక్కువుంది. ఇప్పుడు ఒక్క సెంటీమీటరే తేడా. ఫీజు అడిగితే సినిమా టికెట్లు చాలన్నారు.

ఆటో బావకి, మందుల షాపు పెద్దాయనకి దండాలు. పేర్లు రాయొద్దని అందరూ ఒట్టేయించుకున్నారు. ఇడ్లీ బండి పిన్నయితే “పేరు రాత్తే రేపట్నుంచి చట్నీ ఎయ్యను” అంది. ఏడు నెలలు పొద్దున్నే నాలుగు ఇడ్లీలు ఇంటికి పంపింది, పైసా తీసుకోలేదు.

ఆదివారం ఉదయం ఆరింటికి కుర్రాళ్ల మ్యాచ్ పెట్టాం. నేను ఆడను, ఇంకో రెండు నెలలు ఆగమని మేడమ్ ఆర్డరు. విజిల్ ఊదుతాను. అందరూ రండి. పిన్ని బండి ఆ పూట గ్రౌండు దగ్గరే ఉంటుంది, ఇడ్లీలన్నీ నా ఖాతాలో. డబ్బులు తీసుకుంటానని ఈసారి ఒప్పుకుంది.