మర్రీ రావీ ఒకటే అన్నావు కదా

హైదరాబాద్

ప్రియమైన మిత్రమా,

మీ ఊరి బయట బస్సు ఆగే చోట నీడకు ఒక చెట్టు నాటుతానని చెప్పి, "మర్రి అయితేనేం, రావి అయితేనేం, రెండూ ఒకటే" అన్నావు. ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఫోనులో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

అన్నదమ్ములే, కాదనను. రెండూ ఫైకస్ ప్రజాతివే, ఆకు తుంచితే రెండింటికీ పాలు కారతాయి. కానీ నిన్న మధ్యాహ్నం మా వీధి చివరి రావి కింద నిలబడి చూశానురా. గాలి ఉందో లేదో తెలియడం లేదు, పైన ఆకులు మాత్రం గలగలమంటున్నాయి! పొడవాటి సన్నని తొడిమ, పలుచని ఆకు, చివర తోకలాంటి మొన. సంస్కృతంలో చలదళం అన్నది అందుకే. మర్రి ఆకు దళసరి, తొడిమ పొట్టి. విస్తళ్లు కుట్టుకునేంత గట్టిది. మర్రికి న్యగ్రోధం అని పేరు, అంటే కిందికి పెరిగేది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఎకరాలకొద్దీ పరుచుకున్నది ఊడల బలంతోనే. రావి మామూలుగా అలా ఊడలు దించదు.

అసలు విశేషం కాయలో ఉంది. మర్రిపండు ఎర్రన, రావిపండు చిన్నది, ముదురు ఊదా. రెండింటికీ పూలు కాయ లోపలే పూస్తాయి. గింజంత కూడా లేని ఆడ కందిరీగ ఒకటి కాయ మూతి దగ్గరి సందులోంచి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. ఆడవాటితో జతకట్టి, అవి బయటపడేందుకు దారి తొలిచి, చాలామటుకు లోపలే రాలిపోతాయి. మేడిపండు పొట్టలో పురుగులని చిన్నప్పుడు ఎంత అసహ్యించుకున్నాం! అవి లేకపోతే గింజే లేదు. పైగా మర్రికి వచ్చేది యూప్రిస్టినా మేసోని, రావికి వచ్చేది ప్లాటిస్కాపా క్వాడ్రాటిసెప్స్. రెండు చెట్లూ కొమ్మకు కొమ్మ తగిలేలా నిలిచినా, ఎవరి కందిరీగ వారిదే. వాటికి తెలిసిన తేడా మనకు తెలియకపోతే ఎలా?

నన్నడిగితే మర్రి నాటు. రావి ఎండలు ముదిరే ముందే ఆకు రాల్చేస్తుంది, రాగిరంగు చిగురు ఎంత అందమైనా నీడ ఆలస్యం. చేవెళ్ల దారిలో వెళ్లి చూడు, వందలకొద్దీ మర్రిచెట్లు రోడ్డుకు పందిరి వేశాయి. ఆ రోడ్డు విస్తరణ మాట వచ్చినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. ఇళ్లకూ బావికీ మాత్రం దూరంగా నాటాలి, వేళ్లు ఊరుకోవు.

మర్రి లావుపాటి కొమ్మ నరికి నాటినా బతుకుతుంది. తెలిసిన రైతు తన పొలంలోది ఒకటి ఇస్తానన్నాడు. తొలకరి పడగానే తెస్తాను, గుంత తీసి ఉంచు.

నీ
నేస్తం