విలేకరుల సహకార సంఘానికి మీరిచ్చిన పైసలు: జమా ఖర్చుల వివరణ

అన్నలకు, అక్కలకు నమస్తే. మహారాష్ట్రలోని మన సిరొంచలో రాసేవాళ్లమే ఓనర్లుగా ఒక తెలుగు పక్షపత్రిక పెడతామని, దానికి సహకార సంఘం రిజిస్టర్ చేయిస్తామని మీ దగ్గర పైసలు తీసుకున్నాం. చాయ్ హోటల్ కాడ కనబడ్డ ప్రతిసారీ "ఏమైంది మీ పేపరు?" అంటున్నారు కాబట్టి లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాం.

రెండు రకాల పైసలున్నాయి, కలిపి చూడొద్దు. 14 మంది మెంబర్లం తలా 1,000 షేరు, 100 ప్రవేశ రుసుం కట్టినవి 15,400. అవి బ్యాంకు ఖాతాలో ఉన్నాయి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ముట్టుకునేది లేదు. ఖర్చులకని విడిగా మెంబర్లం తలా 500 వేసుకున్నవి 7,000, మీరు 63 మంది ఇచ్చినవి 11,350, మొత్తం జమ 18,350. బస్టాండులో జామకాయలమ్మే అవ్వ పది రూపాయలిచ్చి రసీదెందుకు బిడ్డా అంది, అయినా రాసిచ్చాం.

ఒక కాంట్రాక్టరు అన్న పదివేలకు షేర్లు అడిగాడు, తీసుకోలేదు. మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం, 1960 ప్రకారం ఒక మెంబరు చేతిలో మొత్తం షేరు ధనంలో అయిదో వంతుకు మించి ఉండకూడదు, ఎన్ని షేర్లున్నా ఓటు ఒక్కటే. పైగా మన పత్రికలో పనిచేసేవాళ్లకే షేరు అని మనం రాసుకున్నాం. కంపెనీ పెడితే తొందరగా అయిపోతుందని చాలామంది చెప్పారు, నిజమే, కానీ అక్కడ షేర్లను బట్టే ఓటు. రేపు ఇసుక లారీల మీద వార్త రాయాలంటే ఎవరిని అడగాలో మీకే తెలుసు.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది రిజిస్ట్రేషన్ పని మీద జిల్లా కేంద్రం గడ్చిరోలికి తిరుగుడు. ఇక్కడి నుంచి రెండొందల కిలోమీటర్ల పైమాటే, ఆ రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఇద్దరు చొప్పున నాలుగుసార్లు పోయొచ్చినందుకు బస్సు చార్జీలు, ఆటోలు కలిపి 5,440, తిండికి 1,120, ఒక రాత్రి లాడ్జికి 700, అంతా 7,260. చలాన్లు, అఫిడవిట్లు, నోటరీకి 3,150. సలహా చెప్పిన అకౌంటెంటుకు 1,500.

టైపింగు, జిరాక్సులకు 2,640 అయింది, ఇందులో సగం మన తెలివితక్కువకే పోయింది. నియమావళి మరాఠీలో చేయించడానికి ఒక టైపిస్టుకిస్తే, ఆయన దగ్గరున్న మజూర్ సంస్థ (కూలీల సహకార సంఘం) నమూనాలో పేర్లు మార్చి ఇచ్చాడు, మేమూ చదవకుండా సంతకాలు పెట్టాం. బస్సులో తీరిగ్గా చూస్తే సంఘం ఉద్దేశాల్లో కంకర కొట్టుట, రోడ్డు పని, చెరువుకట్ట పోయుట! నాలుగు ప్రతులు ఇవ్వాలి కదా, నాలుగూ మళ్లీ తీయించాం. ఊళ్లో తప్పులు దిద్దే విలేకరులం, సొంత కాగితం చదవలేదు.

రిజిస్టర్లు, రబ్బరు స్టాంపులకు 960. మీటింగుల చాయ్ బిస్కెట్లకు 1,180, ఇది ఎక్కువేనని ఒప్పుకుంటున్నాం. మొత్తం ఖర్చు 16,690, చేతిలో మిగిలింది 1,660. ఆటోలకిచ్చిన వాటిలో 280కి మాత్రం రసీదు లేదు, వానలో చీటీ నానిపోయిందని కోశాధికారి అంటున్నాడు, తన జేబులోంచి కడతానంటున్నాడు కూడా.

దరఖాస్తు ఇచ్చేశాం. దాన్ని తేల్చడానికి ఆఫీసుకు చట్టంలో రెండు నెలల గడువుంది. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది ఉండాలన్న నియమానికి ఢోకా లేదు, భార్యాభర్తలు ఒక జంటే ఉన్నారు, వాళ్లను ఒకటిగా లెక్కేసినా 13 అవుతాం. లాభం ఎంత పంచుతారని అడిగినవాళ్లకు చెప్పేదేంటంటే, ముందు లాభం రానివ్వండి, వచ్చినా నాలుగో వంతు రిజర్వు నిధికి పోవాలి, డివిడెండు 15 శాతం దాటకూడదు.

తర్వాతి పని పత్రిక పేరు. 1867 నాటి పాత ప్రెస్ చట్టం పోయి 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది, టైటిల్‌కూ రిజిస్ట్రేషన్‌కూ ఒకేసారి ఆన్‌లైన్లో పెట్టొచ్చు. ఒకటి కాకపోతే ఇంకొకటని పేర్లు వరసగా ఇవ్వాలి, మీకు తోచినవి చెప్పండి. ప్రాణహిత అని ఇప్పటికే ఇరవైమంది చెప్పారు, ఇంకేమైనా ఆలోచించండి.

బిల్లుల ఫైలు కోశాధికారి ఇంట్లో ఉంది, ఎవరైనా పోయి చూసుకోవచ్చు. ఆ 280 సంగతి ఆదివారం మీటింగులో తేలుద్దాం. ఈసారి ఎవరి చాయ్ పైసలు వాళ్లవే.