ఆ టవర్లు పొడుగైనవి కావు, పొట్టివి

సంపాదకుల గారికి,

వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నేవీ స్టేషన్ గురించి ఎవరు మాట్లాడినా ముందు రాడార్ అంటారు. అది రాడార్ కాదండీ, నీళ్ల అడుగున తిరిగే జలాంతర్గాములకు కబురు పంపే వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో స్టేషన్. సరే, పేరు ఏదైనా పర్లేదు గానీ, 'అంతంత టవర్లు, 2,900 ఎకరాలు, ఇంకెంత రేడియేషన్ వస్తుందో' అనే మాట వింటే మాత్రం మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ దగ్గర జీవితమంతా పనిచేసినవాణ్ణి, ఊరుకోలేకపోతున్నా.

యాంటెన్నా ఎంత పొడుగుండాలో చెప్పేది పవర్ కాదు, తరంగం పొడవు. అందులో పావు వంతు ఉంటే హాయిగా పనిచేస్తుంది. ఎఫ్‌ఎం తరంగం సుమారు 3 మీటర్లు కాబట్టి ఫోన్‌కి ఇయర్‌ఫోన్ తీగ చాలు. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ తరంగం 406 మీటర్లు, పావంటే వంద మీటర్ల పైచిలుకు, అంత స్తంభం నిలబెట్టొచ్చు. వీఎల్‌ఎఫ్‌లో 18 కిలోహెర్ట్జ్ అనుకుంటే పావు తరంగమే 4 కిలోమీటర్లు దాటుతుంది! ఎవరు కడతారు? తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి ఉన్న ఇలాంటి నేవీ స్టేషన్ ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ టవర్లు 471 మీటర్లు, చూస్తే మెడ నొప్పి పుడుతుంది, అయినా తరంగంలో ముప్పై అయిదో వంతే.

పొట్టి యాంటెన్నాతో చిక్కేమిటంటే, ఇచ్చిన పవర్‌లో కొంత గాలిలోకి పోతే కొంత నేలలో వేడిగా పోతుంది. గాలిలోకి పోయేదాన్ని ఓమ్‌లలో చెప్పే అంకెని రేడియేషన్ రెసిస్టెన్స్ అంటాం, నేల నష్టం కంటే అది ఎంత పెద్దదైతే అంత మంచిది. పావు తరంగం స్తంభానికి అది 36 ఓమ్‌లు, ఈ ముప్పై అయిదో వంతు దానికి 0.3 మాత్రమే. నేల నష్టం 2 ఓమ్‌లు అనుకోండి, మొదటిదానికి నూటికి 5 వృథా, రెండోదానికి 87! అందుకే టవర్ల పైన గొడుగులా తీగలు పరుస్తారు, దాంతో ఆ 0.3 నాలుగు రెట్ల దాకా పెరగొచ్చు. ఇక నేల నష్టం తగ్గించాలంటే చుట్టూ మట్టిలో రాగి తీగలు పూడ్చడమే దారి (మా స్టేషన్‌లోనూ ఉండేవి, పైకి కనిపించవు, దొంగలకు మాత్రం బాగా తెలుసు). ఇలాంటి స్టేషన్లలో ఎకరాలు చాలా పోయేది ఇక్కడే. అంటే రేడియేషన్ ఎక్కువై కాదు, ఆ పొట్టి యాంటెన్నాకి రేడియేట్ చేయడం సరిగ్గా రాక ఇంత జాగా. పైనున్న గొడుగు తీగల్లో వోల్టేజి మాత్రం చాలా ఎక్కువ ఉంటుంది, కంచె అందుకే.

చెట్ల సంగతి వేరు. మూసీ పుట్టే కొండల పక్కన అడవి కొట్టొద్దనేవాళ్ల బాధ నాకూ ఉంది, ఆ వాదనలో రేడియేషన్ భయం కలిపేస్తే అసలు ప్రశ్న పక్కకి పోతుందని టెన్షన్ కూడా ఉంది. రాగి తీగలు ఎన్ని ఎకరాల్లో పూడుస్తారు, దానికి ఎన్ని చెట్లు కొట్టాలి, కంచె బయట విద్యుత్ క్షేత్రం (ఫీల్డ్) ఎంత ఉంటుంది, ఈ మూడు అంకెలు తెలుగులో రాసి పూడూరు మండల ఆఫీసు బోర్డు మీద పెట్టమని అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నా.

– ఒక రిటైర్డ్ రేడియో ఇంజినీర్, హైదరాబాద్